రేపల్లె వాకిట్లో పాలసొర

అనాటమీ చెప్పేవాళ్లని జనం అడిగే ప్రశ్నలు రెండే. శవాలంటే భయం వేయదా అనేది మొదటిది. ఆ చేతులతో అన్నం ఎలా తింటారు అనేది రెండోది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ రెండింటికీ జవాబు చెప్పి చెప్పి విసుగెత్తిపోయాను. ఈమధ్య మా పక్కవాటాలో అద్దెకు దిగిన కొత్త లెక్చరరమ్మాయి మాత్రం మూడో ప్రశ్న అడిగింది. "మేడం, మీకు మొదటి రీసెర్చ్ గ్రాంటు ఎలా వచ్చిందండి?" పాపం, అప్పటికే ఎన్నోచోట్ల దరఖాస్తు పెట్టుకుని అన్నిచోట్లా లేదనిపించుకుని ఉంది. రావడానికేం, వచ్చింది, దాన్ని నిలబెట్టుకునేసరికే తలప్రాణం తోకకొచ్చింది అన్నాను. ఆ పిల్లకి చెప్పిందే కాస్త కుదురుగా ఇక్కడ రాస్తున్నాను. చదివేది చిన్నవాళ్లయితే మరీ మంచిది. నాలాంటివాళ్లకి తెలియని కొత్త సంగతేమీ ఇందులో లేదు.

అరవైల చివరి మాట. మా ఇల్లు తెనాలిలో. పొద్దున్నే రైలెక్కి వైద్య కళాశాలకు వెళ్లి, సాయంత్రం మళ్లీ రైల్లో ఇల్లు చేరేదాన్ని. నేను డాక్టర్ని కాదు. జంతుశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేసి అనాటమీ విభాగంలో తాత్కాలికపు డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. అప్పట్లో డాక్టర్లు అనాటమీ వైపు వచ్చేవాళ్లు కాదు. రోగి ఉండడు, ప్రాక్టీసు ఉండదు, ఎవరొస్తారు? అందుకని మాలాంటివాళ్లను తీసుకున్నారు. పీట వేశారు గానీ విస్తరి వేయలేదు. పాఠం చెప్పవచ్చు, శవం కోసి చూపించవచ్చు, పేపర్లు దిద్దవచ్చు. ప్రమోషన్ అనే మాట వచ్చేసరికి మాత్రం మేము వైద్యేతరులం.

అనాటమీ అధ్యాపకులకు ఒక సంఘం ఉండేది. ఆ సంఘం మూడు నెలలకోసారి నాలుగు పేజీల వార్తాపత్రం పంపేది. ఎవరు ఎక్కడికి బదిలీ అయ్యారు, ఎవరికి ప్రొఫెసరు పదవి వచ్చింది, ఎవరు పోయారు, ఏ కాలేజీకి కొత్త మైక్రోస్కోపులొచ్చాయి అన్నీ అందులో ఉండేవి. ఆఖరి పేజీలో ఆ ఏడు పరిశోధనకు సంఘం ఎవరెవరికి సహాయం చేస్తోందో వేసేవారు. పెళ్లి శుభలేఖ కోసం కూడా అంత ఎదురు చూడం. స్టాఫ్ రూములో ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని ముందు ఆఖరి పేజీ తిప్పేవాళ్లం.

దరఖాస్తు పెట్టమని నన్ను వేధించింది మా ప్రొఫెసరు గారు. ఆ సంవత్సరంతో రిటైరు కాబోతున్నారు. పొడుగాటి మనిషి, శవాలకు ఎక్కించే ఫార్మలిన్ ఘాటుకు విరుగుడంటూ రోజంతా నస్యం పీల్చేవారు. అది అబద్ధమని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. "నువ్వు సముద్రం పక్కన పుట్టి మానవ దేహం పట్టుకు వేళ్లాడతావేంటమ్మా" అనేవారు. తెనాలి సముద్రం పక్కన లేదు సార్ అంటే వినిపించుకునేవారు కాదు. పాలసొర గురించి రాయమన్నది కూడా ఆయనే.

పాలసొర అంటే మన తీరంలో దొరికే చిన్న సొరచేప. మూర పొడవు కూడా ఉండదు. చేపలు చాలావరకు గుడ్లు పెడతాయి. ఇది పిల్లల్ని కంటుంది. కడుపులో పిల్లకి బొడ్డుతాడు ఉంటుంది, తల్లి గర్భసంచి గోడకి అంటుకుని ఉంటుంది. మన ఆడవాళ్లలో ఉన్నట్టే. ఆ బొడ్డుతాడులోని రక్తనాళాలను రంగులతో నింపి చూపించాలనేది నా ప్రతిపాదన. సంఘం ఒప్పుకుంది. వార్తాపత్రం ఆఖరి పేజీలో నా పేరు పడింది. పేరు పక్కన 'వైద్యేతర' అని కూడా పడింది.

అదే పేజీలో కిందుగా ఇంకో వార్త ఉంది. వైద్య పట్టా లేనివారికి ఇకమీదట సంఘం సహాయం ఇవ్వరాదని కొందరు సభ్యులు తీర్మానం పెట్టారట. దానిమీద చర్చ మాఘమాసంలో బాపట్లలో జరిగే ప్రాంతీయ సమావేశంలో. నా పని చూపించాల్సిందీ అక్కడే. మా విభాగంలో ఒక కుర్ర డాక్టరు ఉండేవాడు, నాతోపాటే చేరాడు. నోరు ఊరుకోదు. వార్తాపత్రాన్ని పైకి చదివి, "అక్కయ్యగారూ, మిమ్మల్ని మొదటి మెట్టు ఎక్కించి నిచ్చెన తీసేస్తున్నారండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ అతను అన్నది అక్షరాలా నిజం. బాపట్లలో నేను చేతులూపుకుంటూ నిలబడితే నా ఒక్కదానితో పోదు. నా తర్వాత వచ్చే ఎం.ఎస్సీ. వాళ్లందరికీ ఆ తలుపు మూసుకుపోతుంది. నా కోసం సంతకం పెట్టిన ప్రొఫెసరు గారు రిటైరయ్యే ముందు నవ్వులపాలవుతారు.

రేపల్లెలో మా పిన్ని ఉండేది. అక్కడి చేపల బజార్లో వరసగా కూర్చునే ఆడవాళ్లలో ఒకావిడ నిజాంపట్నం రేవు నుంచి సరుకు తెచ్చేది. నడివయసు మనిషి, మాట గట్టిది, తూకం గట్టిది. నేను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను డాక్టరమ్మా అనేది. నేను డాక్టర్ని కాదక్కా అంటే, "డాక్టర్లకి పాఠం చెప్పేవాళ్లు డాక్టరు కాకపోతే ఏంటండి" అనేది. సంఘం వాళ్లకంటే ఈవిడ నయం అనుకున్నాను.

కడుపుతో ఉన్న పాలసొరలు కావాలని అడిగాను. ఆవిడ నా ముఖంలోకి ఓసారి చూసి, "మంచివి ఏరి తెస్తానండి. మీరు బేరం ఆడొద్దు, నేనూ చెప్పను" అంది. మళ్లీ వారం వెళ్లేసరికి తడి గోనెలో చుట్టి సిద్ధంగా ఉంచింది. వెల్లుల్లి దండిగా వేయించండి, కారం తగ్గించండి అని చెప్పింది. అందరికీ చెప్పే మాటే అనుకుని తలూపాను. తెనాలిలో రేకుల పని చేసే సాయిబుగారు నాకోసం మూత బిగిసే పెట్టె ఒకటి చేసిచ్చారు. చేపలకి బుట్ట చాలు కదమ్మా, ఇంత పెట్టె దేనికి అని ఆయన చాలాసేపు బాధపడ్డారు. ఆ పెట్టెలో సొరలను పెట్టుకుని మర్నాడు కాలేజీకి చేర్చాను.

ఇక మేము చేసిన ఘనకార్యం వినండి. శవం చెడకుండా ఉండటానికి అనాటమీ వాళ్లు తొడ దగ్గర ధమని తెరిచి, దాంట్లోంచి ఒళ్లంతటికీ మందు ఎక్కిస్తారు. చేతులు ఆ పనికి ఎంత అలవాటు పడిపోయి ఉంటాయంటే, ఏ ప్రాణి దొరికినా ముందు ధమని కోసమే వెతుకుతాయి. నేను సొర తోక దగ్గర ధమని వెతికి పట్టుకున్నాను. ప్రొఫెసరు గారు స్వయంగా పక్కన నిలబడి పంపు కొట్టారు. తల్లి సొరలన్నిటికీ ఫార్మలిన్ చక్కగా ఎక్కింది. ఒక్కోటీ కొయ్యలా బిగుసుకుంది. బాగా నానాలని కొన్నాళ్లు అలాగే ఉంచి, ఒక మధ్యాహ్నం అందరం చుట్టూ చేరి కడుపు కోశాం.

లోపల పిల్లలు కుళ్లిపోయి ఉన్నాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. వాసనకు కుర్ర డాక్టరు కిటికీ దగ్గరికి పరిగెత్తాడు.

ప్రొఫెసరు గారు నస్యం డబ్బా తీశారు, పీల్చకుండానే మళ్లీ మూశారు. "తల్లి రక్తం బిడ్డ రక్తంలో కలుస్తుందా అమ్మా?" అని అడిగారు.

"కలవదండి."

"మొదటి సంవత్సరం పిల్లలకి ఆ పాఠం ఎవరు చెప్తారు?"

"నేనేనండి."

"మరి తల్లికి ఎక్కించిన మందు బిడ్డకెలా పోతుంది?" అని, మళ్లీ తనే, "పంపు కొట్టింది నేనేగా. ముప్ఫై ఏళ్ల నుంచీ ఆ పాఠం నేనూ చెప్తున్నా" అన్నారు. ఆయన నవ్వడం మొదలుపెడితే ఆపుకోలేకపోయారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. బోర్డు మీద రంగు సుద్దముక్కలతో ఎన్నిసార్లు గీసి చూపించానో తల్లికీ బిడ్డకీ మధ్య ఉండే ఆ గోడని. ఎర్ర గీత ఇటు, నీలం గీత అటు, మధ్యలో గోడ. తీరా నా చేతి కిందకి వచ్చేసరికి ఆ గోడే గుర్తు రాలేదు. చచ్చినవాళ్లతో పనిచేసి చేసి, కడుపులో ఉన్నదానికి వేరే ప్రాణం ఉంటుందనేది మా బుర్రల్లోంచి జారిపోయింది.

మళ్లీ రేపల్లె వెళ్లాను. ఇంకా కొన్ని సొరలు కావాలక్కా అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. "బాలింత ఎట్టా ఉందండి? పాలు పడ్డయ్యా?"

నాకు అర్థం కాలేదు. ఏ బాలింత అన్నాను.

అప్పుడు తెలిసింది. అక్కడ పాలసొర బాలింతల తిండి. అందులోనూ నిండు కడుపుతో ఉన్నదైతే ఇంకా శ్రేష్ఠమని వాళ్ల నమ్మకం. అలాంటిది వలలో పడితే ఆవిడ బజార్లో పెట్టదు. ఏ ఇంట్లో పురుడు అయిందో, ఎవరికి పాలు సరిగా పడలేదో చూసుకుని వాళ్లింటికి పంపుతుంది. బేరం ఉండదు. కోరి అడిగానంటే మా ఇంట్లోనూ బాలింత ఉందనుకుని, తన ఖాతా ఇళ్లవాళ్లకి ఆపి మరీ నాకు ఇచ్చింది. సొర తింటే పాలు పడతాయని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. పడవని కూడా చదవలేదు.

నేను నిజం చెప్పాను. వండలేదక్కా, మందు ఎక్కించి చూశాం, పాడైపోతే పాతిపెట్టేశాం అన్నాను.

ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది. "బాలింతల నోటికాడ కూడు తీసుకెళ్లి మందులో పోశారా?"

"చదువు కోసం అక్కా."

"ఏ చదువైనా కానీండి. తినేదాన్ని విషం చేసి మట్టిలో పెడతారా? నేనియ్యనండి. ఇంకెప్పుడూ అడగొద్దు."

నా కోపం సంగతి నాతో పనిచేసినవాళ్లెవరినడిగినా చెబుతారు. డబ్బు ఇచ్చి కొన్నాను, కొన్నాక నా ఇష్టం అని పెద్దగా అనేశాను. వరసలో ఉన్న ఆడవాళ్లంతా తలెత్తి చూశారు. ఎవరూ తిట్టలేదు. పక్కన కూర్చున్న ముసలావిడ తన బుట్ట మీద గోనె కప్పేసింది. ఆ పక్కావిడా కప్పేసింది. ఆ రోజు రేపల్లె బజార్లో నాకు చేపతల కూడా ఎవరూ అమ్మలేదు. ఖాళీ పెట్టె పట్టుకుని రైలెక్కితే, దాని కంపుకి నా బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. తెనాలి దాకా దర్జాగా ఒక్కదాన్నే వచ్చాను.

బాపట్ల వెళ్లి సూర్యలంక తీరంలోనూ ప్రయత్నించాను. రెండుసార్లు దొరికాయి, రెండూ మగవే. ఈలోగా వాయుగుండం పట్టి పడవలు ఒడ్డుకి లాగేశారు. సమావేశం దగ్గర పడుతోంది. పని జరగలేదని సంఘానికి రాసేస్తానని ప్రొఫెసరు గారితో చెప్పాను. జరిగిందంతా, బజార్లో నేనన్న మాటతో సహా చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను.

"మన హాల్లోకి వచ్చే శవాలన్నీ ఎవరూ అడగనివి కదమ్మా" అన్నారు. "ఆసుపత్రి పంపుతుంది, మనం సంతకం పెట్టి తీసుకుంటాం. ఒకరి దగ్గరికి వెళ్లి ఇది మాకు ఇస్తారా అని అడగాల్సిన పని మనకెప్పుడూ పడలేదు. అందుకే మనకు అడగడం చేతకాదు. కొనడమే వచ్చు. వెళ్లి అడిగి రా. లేదంటే లేదు."

నా ఉద్యోగ జీవితంలో నాకు దొరికిన సలహాలన్నిటిలోకీ అది పెద్దది. ఆయన్ని తలుచుకున్నప్పుడు చేతులు వాటంతటవే దణ్ణం పెడతాయి.

బజారుకి వెళితే ఆవిడ చోటు ఖాళీగా ఉంది. నన్ను గుర్తుపట్టి కూడా ముసలావిడ ఈసారి మొహం తిప్పుకోలేదు. "కూతురు కన్నదండి. మగపిల్లాడు. ఆ పిల్లకి పాలు పడ్డంలా. సముద్రం చూస్తే మూసుకుపోయింది. అదక్కడ ఏడుస్తా కూర్చుంది" అని ఇంటి గుర్తులు చెప్పింది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదట. ఆ మాట గొంతు తగ్గించి చెప్పింది.

ఊరి చివర తాటాకు ఇల్లు. వాకిట్లో వల ఆరేసి ఉంది. అక్క అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. లోపల పసివాడు ఏడుస్తున్నాడు. ఆకలి ఏడుపు ఎవరికైనా తెలిసిపోతుంది. నేను అరుగు కింద నేలమీద కూర్చున్నాను.

"ఆ రోజు అన్న మాట తప్పక్కా. నాకు సొర మాంసం అక్కర్లేదు. లోపలున్న గర్భసంచి చాలు. మందు ఏదీ మీ ఇంటికి తేను. పచ్చిదాన్నే మీ ఎదురుగా కోసి, అదొక్కటీ తీసుకుంటాను. ఇస్తే తీసుకెళతాను. ఇవ్వకపోయినా ఏమీ అనుకోను."

ఆవిడ ఆరేసిన వల వైపు చెయ్యి చూపింది. "ఇప్పుడు నాకే దిక్కు లేదు కదమ్మా. మా అల్లుడు నిజాంపట్నం రేవులో కాచుక్కూచున్నాడు. దొరికితే గదా."

పిన్ని ఇంటి గుర్తులు చెప్పి వచ్చేశాను. వస్తూ దారిలో ఒక పాలడబ్బా కొని పంపితే, వద్దనకుండా తీసుకుందట. కాలేజీకి సెలవు పెట్టి పిన్ని ఇంట్లోనే ఉండిపోయాను. ఆకాశం ఎప్పుడు తెరిపినిస్తుందా అని చూడటం తప్ప పని లేదు. సమావేశం గురించి ఆలోచిద్దామని కూర్చుంటే ఆ పసివాడి ఏడుపే చెవుల్లో మోగేది. అలా ఎన్నాళ్లో కాదు గానీ, ఒక ఉదయం అల్లుడే సైకిలు మీద వచ్చాడు. "అత్త రమ్మందండి. ఒక్కటే దొరికింది" అన్నాడు.

ఒక్కటే. దాన్ని నాకు చెప్పకుండా కోసుకుని ఉంటే అడిగేవాళ్లు లేరు. ఆ కబురు పంపడమే ఆవిడ నాకు చేసిన ఉపకారం. రిక్షా కట్టించుకుని వెళ్లాను. సాయిబుగారి పెట్టెలో ఫార్మలిన్ సీసా ఉంది. దాన్ని వీధి చివరే దింపాను. రిక్షా ఆయన దాన్ని కాళ్ల దగ్గర పెట్టుకుని కాపలా కూర్చున్నాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, కత్తెరా చిన్న కత్తీ మాత్రం తీసుకుని వాకిట్లోకి వెళ్లాను. అక్క నా చేతులు పట్టుకుని వాసన చూసింది. చూసి, "కూర్చోండి" అంది.

అరటాకు పరిచి సొరను వెల్లకిలా పెట్టాం. తల వైపు ఆవిడ పట్టుకుంది. నేను కడుపు తెరిచాను. ఎన్నో దేహాలు కోసినదాన్నే, ఆ రోజు కత్తి మొన మాత్రం ఆనించి వెంట్రుకవాసి చొప్పున జరుపుకుంటూ పోయాను. ఒక్క గీత లోతుగా పోతే నా పని పోతుంది, పైత్యరసం తిత్తి చిట్లితే వాళ్ల కూర చేదవుతుంది. అక్క నా చేతిని చూసి, "నిమ్మళంగా కొయ్యండి, తొందరేం లేదు" అంది. గర్భసంచి బయటికి వచ్చింది. ఒక చివర కొద్దిగా చీల్చి చూశాను. లోపల పిల్లలు ఒద్దికగా సర్దుకుని పడుకుని ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో బొడ్డుతాడు. ఆ తాడు చుట్టూ నూలుపోగుల్లాంటి సన్నటి కుచ్చులు.

"అమ్మా, నేనూ చూస్తా" అని గుమ్మంలోంచి వినిపించింది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, చేతుల్లో బిడ్డతో అక్క కూతురు నిలబడి ఉంది.

"గాలి తగిలిద్ది, లోపలికి పో" అంది అక్క.

ఆ పిల్ల పోలేదు. ఒకడుగు ముందుకేసి, నా చేతిలో ఉన్న సొరపిల్లని, దాని తాడుని చూసింది. తన బిడ్డ బొడ్డు మీద ఇంకా ఊడని తాడు ముక్క ఉంది. "దీనికీ ఉందా?" అంది.

"ఉంటది. అన్నిటికీ తల్లులుంటారు గదే" అంది అక్క.

తడిగుడ్డలో గర్భసంచి చుట్టుకుని నేను లేచాను. ఆవిడ సొరని ఉడకబెట్టడానికి తీసుకుపోయింది. తోలు గీకి, పొడిగా విడదీసి, వెల్లుల్లితో వేయించే కూర అది. నేను వీధి చివరికి చేరేసరికి వెల్లుల్లి వాసన అక్కడిదాకా వచ్చింది.

తెనాలి స్టేషన్లో దిగితే ప్రొఫెసరు గారు సిరంజీల పెట్టె ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పిన్ని ఇంటి నుంచి బయల్దేరేముందు నేనిచ్చిన ట్రంకాల్ అందుకుని, ఇది కాలేజీ దాకా ఆగదని ఆయనే రైలెక్కి వచ్చారు. మా పెరట్లో బట్టలుతికే బండ మీద పని మొదలుపెట్టాం. తల్లి గోడలోని నాళాలకు సింధూరం కలిపిన జిలటిన్, పిల్ల బొడ్డుతాడుకు నీలం రంగుది. ఈసారి ఆ గోడని మర్చిపోలేదు. రెండు వైపులా విడివిడిగా ఎక్కించాం. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ బండ మీద ఇక బట్టలు ఉతికేది లేదని ప్రకటించింది. ప్రొఫెసరు గారు కొత్త బండ వేయిస్తానని మాటిచ్చారు. నిజంగానే వేయించారు.

బాపట్ల సమావేశానికి తెనాలి నుంచి రైల్లో వెళ్లాం. చుండూరు దాటేదాకా నా గాజు సీసాని నేనే పట్టుకున్నాను. తర్వాత కుర్ర డాక్టరు, "ఇటివ్వండి అక్కయ్యగారూ, కాసేపు నేను పట్టుకుంటాను" అని తీసుకున్నాడు. దిగాక రిక్షాలో కూడా ఒళ్లోనే పెట్టుకున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా రిక్షా ఆయన్ని బతిమాలాడు. ఆ రోజు అతను ఒక్క జోకు కూడా వేయలేదు.

హాల్లో పెద్దలంతా ముందు వరసలో ఉన్నారు. తీర్మానం పెట్టినవాళ్లలో పెద్దాయనే ఆ రోజు అధ్యక్షుడు. నేను నాలుగు మాటలు చెప్పి సీసాని కిటికీ వెలుగులో పెట్టాను. ఎర్ర నాళాలు, నీలం నాళాలు పక్కపక్కనే అల్లుకుని ఉన్నాయి. ఎక్కడా ఒకదాంట్లో ఒకటి కలవలేదు.

"ఇది ఏ లాబొరేటరీలో చేశారు?" అని అడిగారు అధ్యక్షులవారు.

"కోసింది రేపల్లెలో ఒక ఇంటి వాకిట్లోనండి. రంగులు ఎక్కించింది తెనాలిలో మా పెరటి బండ మీదండి."

వెనక ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. కుర్చీలోంచి లేచి వచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, సీసాకి ముక్కు ఆనించినంత దగ్గరగా చాలాసేపు చూశారు. మొదటిసారి ఎందుకు పాడైందని అడిగారు. దాచకుండా చెప్పాను. తల్లికి ఎక్కించిన మందు బిడ్డకి పోతుందనుకున్నామన్నప్పుడు హాలంతా ఒక్కసారిగా గొల్లుమంది. అందరూ అనాటమీ వాళ్లే కదా, ఆ చోట ఉంటే వాళ్లూ ధమని కోసమే వెతికేవాళ్లని వాళ్లకు తెలుసు. ఆ నవ్వుతో నాకు సగం బరువు దిగింది. మధ్యాహ్నం చర్చకు వచ్చినప్పుడు అధ్యక్షులవారే తీర్మానం వెనక్కి తీసుకున్నారు. నాకిచ్చే సహాయాన్ని మరో ఏడాది పొడిగించారు. ఆ తర్వాత డెబ్భైలలో మాలాంటి వాళ్లెందరికో ఆ సహాయం అందింది. వాళ్లలో కొందరు నాకంటే పెద్ద పని చేశారు. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంటుంది.

తర్వాతి వార్తాపత్రంలో ఇదంతా వచ్చింది. నేను రాసిచ్చిన కృతజ్ఞతల్లో రేపల్లె మత్స్యకార కుటుంబం పేరెత్తితే, శాస్త్ర విషయాల్లో ఇలాంటివి వేయరని సంపాదకులు కొట్టేయబోయారు. ప్రొఫెసరు గారు పట్టుబట్టి ఒక్క వాక్యం వేయించారు. ఆ కాగితం పట్టుకుని రేపల్లె వెళ్లాను. అక్క ఎప్పటి చోటులోనే కూర్చుని ఉంది. చేపలు తూచడం ఆపి చేతులు తుడుచుకుంది. పక్కన ముసలావిడా చెవి ఒగ్గింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి, మొదటి నుంచీ చదివి వినిపించాను. సహాయం పొడిగించడం, నాళాల రంగులు, బాపట్ల సమావేశం, వాళ్లకి కృతజ్ఞతలు, అంతా.

ఆవిడ ఓపిగ్గా విన్నది. అయిపోయాక, "మా పిల్లకి పాలు పడ్డయ్యని రాశారా అందులో?" అని అడిగింది.

"పడ్డాయా అక్కా?"

"పడకేం. బిడ్డ ఒళ్లు చేశాడు. రాశారా మరి?"

"లేదక్కా. రాయలేదు."

ఆవిడ నా చేతిలోని కాగితం కేసి, నా కేసి జాలిగా చూసింది. "అసలు ముక్క వదిలేసి అంత కాయితం ఏం రాశారమ్మా" అని తక్కెడ అందుకుంది.

ఆ తర్వాత సంఘం వార్తాపత్రంలో నా గురించి చాలాసార్లు వచ్చింది. రిటైరైనప్పుడు అరపేజీ వేశారు. ఆ ముక్క మాత్రం ఎక్కడా అచ్చు కాలేదు. ఇప్పుడు రాస్తున్నాను. రేపల్లెలో ఆ తల్లికి పాలు పడ్డాయి. బిడ్డ దక్కాడు.